హార్డీ పూరింట్లో ఒక సివిల్ ఇంజనీరు

(మన సంఘం స్వర్ణోత్సవాల సందర్భంగా బడి ఆవరణలో చేసిన ప్రసంగం)



నన్ను మాట్లాడమన్నప్పుడు కార్యదర్శిగారు ఒక షరతు పెట్టారు. "ఇంజనీరువి కదా, నువ్వు కట్టినవాటి గురించి చెప్పు. కానీ పిల్లలు నిద్రపోకూడదు" అన్నారు. ముప్ఫై ఏళ్లపైన సర్వీసులో నేను కట్టినవి చాలావరకు కల్వర్టులు, వాటర్ ట్యాంకులు, ఆఫీసు భవనాలు. వాటి గురించి మొదలుపెడితే పిల్లల కంటే ముందు నాకే నిద్రొస్తుంది. అందుకని నేను కట్టని ఒక ఇంటి గురించి చెబుతాను. అది ఇంగ్లండులో డోర్సెట్ అనే ప్రాంతంలో, హయ్యర్ బాకాంప్టన్ అనే చిన్న పల్లెలో ఉంది. మట్టితో పెట్టిన గోడలు, గడ్డి కప్పు. 1800లో కట్టారు. ఇవాళ్టికీ నిలబడే ఉంది.

ఇందాక మీకు పంచిన కాగితాల్లో మన బడి పాత రెండు గదుల మరమ్మతు అంచనా ఉంది. కింద సంతకం నాదే. ఆ అంచనాకీ ఈ ఇంటికీ సంబంధం ఉంది. చివర్లో చెబుతాను, అందాకా ఆ కాగితం విసనకర్రగా వాడుకోండి.

ఆ ఇల్లు టామస్ హార్డీ పుట్టిన ఇల్లు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మన ఇంగ్లీషు మాస్టారు ఆయన నవల ఒకటి, 'ఫార్ ఫ్రమ్ ద మ్యాడింగ్ క్రౌడ్', పిల్లల కోసం కుదించిన పుస్తకం ఇచ్చి చదవమన్నారు. గొర్రెల కాపరి, గడ్డివాములకి నిప్పంటుకోవడం, వానలో వాముల మీద గడ్డి కప్పడం, ఇవే నాకు గుర్తున్నాయి. గడ్డివాము గురించి ఇంగ్లీషులో కూడా పుస్తకం రాస్తారా అని అప్పుడు ఆశ్చర్యపోయాను. రెండేళ్ల క్రితం మా అమ్మాయి దగ్గరికి సౌతాంప్టన్ వెళ్లినప్పుడు, రైల్లో గంటన్నర దూరం లోపే హార్డీ ఊరు ఉందని తెలిసింది. "నాన్నా, లండన్ బ్రిడ్జి చూడవా?" అంది. వంతెనలు చాలా చూశానులే అన్నాను.

డోర్చెస్టర్ అనే పట్నంలో దిగి, అక్కణ్నుంచి మూడు మైళ్లు. చివరికి అడవిలో కాలిదారిన నడవాలి. పొడుగాటి చెట్లు దాటాక ఒక చిన్న తోట, తోట వెనకాల ఇల్లు. మొదట కనిపించింది ఇల్లు కాదు, కప్పు. గోడ కంటే కప్పే ఎక్కువ. మన తాటాకు ఇళ్లు కూడా దూరం నుంచి అలాగే కనిపిస్తాయి కదా, నేల మీద పెద్ద గొడుగు దించినట్టు. మేడ మీది కిటికీలు కప్పు అంచులోనే ఉన్నాయి. కిటికీ ఉన్నచోట గడ్డిని కాస్త పైకి లేపి, దాని చుట్టూ వంపుగా కోశారు. కనురెప్ప ఎత్తి చూస్తున్నట్టు ఉంటుంది. రెండు కొసల్లో ఇటుక పొగగొట్టాలు. వాన నీళ్లు పట్టే గొట్టాలు లేవు, తూములు లేవు. అది మొదట నాకు లోపం అనిపించింది. నా ఉద్యోగంలో అయితే అభ్యంతరం రాసేవాణ్ని.

ఇప్పుడు ఆ కప్పు గురించి కొంచెం చెప్పనివ్వండి. ఇంజనీరుకి ఆసక్తి కలిగించే భాగం ఇదే.

గడ్డి నీళ్లని ఆపలేదు. మనందరికీ తెలుసు, గడ్డి తడుస్తుంది. మరి గడ్డి కప్పు ఎలా పనిచేస్తుంది? వాలు వల్ల. ఆ దేశంలో గడ్డి కప్పుకి సుమారు 45 నుంచి 50 డిగ్రీల వాలు ఇస్తారు. ఒక చినుకు ఒక పరక కొస మీద పడుతుంది, అక్కణ్నుంచి కింది పరక కొస మీదికి, అక్కణ్నుంచి దాని కిందిదానికి. లోపలికి ఇంకే తీరిక దానికి ఉండదు, ఈలోపే చూరు చేరి నేల మీద పడిపోతుంది. ఒక అడుగు మందం ఉన్న కప్పులో తడిసేది పైన ఒక అంగుళం. వాన వెలిశాక గాలికి అది ఆరిపోతుంది. మిగతా పదకొండంగుళాలూ ఇంటికి దుప్పటి. చలికాలంలో వెచ్చగా, ఎండాకాలంలో చల్లగా ఉంచేది అదే. అదే కప్పుని మన సిమెంటు రేకుల మాదిరి కొద్దిపాటి వాలుతో వేస్తే రెండేళ్లలో కుళ్లిపోతుంది. వాలే ఆ కప్పుకి ప్రాణం.

డోర్సెట్, డెవాన్ వైపు కప్పుకి వాడేది ఎక్కువగా గోధుమ గడ్డి. కంకులు తీసేసి, ఆకు దువ్వేసి, పరకలన్నీ మొదళ్లు ఒకవైపు ఉండేలా కట్టలు కడతారు. మొదళ్లు బయటికి కనిపించేలా పేర్చి, చెక్కతో కిందినుంచి తట్టుకుంటూ సమం చేస్తారు. కట్టల్ని బిగించడానికి మేకులు ఉండవు. హేజెల్ అనే చెట్టు కొమ్మల్ని చీల్చి, నడుమ మెలిపెట్టి, జడపిన్నులాగా వంచి గుచ్చుతారు. ఆ పుల్ల మళ్లీ విచ్చుకోవాలని చూస్తుంది, ఆ ఒత్తిడే గడ్డిని పట్టుకుంటుంది. ఇలాంటి కప్పు పాతిక, ముప్ఫై ఏళ్లు ఉంటుంది. చిత్తడి నేలల్లో పెరిగే రెల్లు వాడితే ఇంకా ఎక్కువ. నడికొప్పు మాత్రం పది పదిహేనేళ్లకోసారి మార్చాలి, అక్కడ వాలు ఉండదు కాబట్టి ముందు చెడేది అదే. మన తాటాకు రెండు మూడేళ్లకే పాడవుతుంది కదా, వాళ్ల కప్పు అన్నేళ్లు ఎలా ఉంటుందని అడిగాను. మందం, వాలు, పనివాడు, ఈ మూడే అన్నారు.

చిత్రం ఏమిటంటే, ఇప్పుడు వాళ్లకి గడ్డి దొరకడమే కష్టం. పొలాల్లో గోధుమ బోలెడంత ఉంది. కానీ కొత్త రకాలు పొట్టివి, పైగా కోత యంత్రం గడ్డిని నలిపేస్తుంది. అందుకని కప్పు కోసమే కొందరు రైతులు పొడుగు రకాలు వేస్తారు. మారిస్ విడ్జియన్ అని 1960ల్లో వచ్చిన రకం ఒకటి ఉంది, పిండి కోసం దాన్ని వేసేవాళ్లు తక్కువ, కప్పు కోసం వేసేవాళ్లు ఉన్నారు. పాతకాలపు యంత్రంతో కోసి, పనలు కట్టి ఆరబెడతారు. మన దగ్గర కూడా పొట్టి వరి వచ్చాక, కోత మిషన్లు వచ్చాక గడ్డి సంగతి ఏమయిందో పాడి ఉన్నవాళ్లని అడగండి.

సరే, గోడకి వద్దాం. నా అసలు కథ గోడలో ఉంది.

ఆ ప్రాంతంలో మట్టి గోడని 'కాబ్' అంటారు. చేసే పద్ధతి వింటే మీలో పెద్దవాళ్లకి నవ్వొస్తుంది. నేల పైపొర తీసేసి, కింది బంకమట్టి తవ్వి, నీళ్లు పోసి, గడ్డి కలిపి, కాళ్లతోనో పశువులతోనో తొక్కిస్తారు. ముద్దలు ముద్దలుగా గోడ మీద వేసి, ఒక వరస పెట్టి, అది గట్టిపడేదాకా ఆగి, పైన ఇంకో వరస. ఎక్కువైన మట్టిని పక్కలనుంచి చెక్కేస్తారు. మందం అర మీటరు దాటుతుంది. అడుగున మాత్రం రాయితోనో ఇటుకతోనో ఒక పీట కడతారు. పైన సున్నపు పూత. అంతే. మా తాతగారు ఆ గోడ చూస్తే పనివాళ్లకి కూలి ఎంతిచ్చారని మాత్రమే అడిగేవారు.

1800లో ఈ ఇల్లు కట్టింది హార్డీ ముత్తాత, జాన్ హార్డీ. కొడుకు కోసం కట్టాడు. తరతరాలుగా వాళ్లది తాపీపని కుటుంబం. ఇటుక, రాయి, సున్నం చేతిలో పని. అయినా సొంత ఇల్లు మట్టితో కట్టుకున్నారు. చుట్టుపక్కల దొరికేది అదే, పైగా భూమి వాళ్లది కాదు. అక్కడ అప్పట్లో ఒక వింత కౌలు ఉండేది. ముగ్గురు మనుషుల పేర్లు రాసుకుంటారు, ఆ ముగ్గురిలో ఆఖరివాడు బతికున్నంతకాలమే ఇల్లు నీది, తర్వాత జమీందారుది. హార్డీ నవల 'ద వుడ్‌లాండర్స్'లో ఒక ముసలాయన పోవడంతో ఇంకొక కుర్రవాడి ఇళ్లు పోతాయి, కారణం ఈ కౌలే. చిన్నప్పుడు చదివితే కథ అనుకునేవాణ్ని, అది ఆ ఇంటి దస్తావేజు.

లోపల తలవంచి వెళ్లాలి. నాకు దూలం తగిలింది కూడా. కింద గదిలో రాతి పలకల నేల, పెద్ద పొయ్యి, గోడ మందం వల్ల కిటికీ దగ్గర అరుగంత చోటు. ఒక చిన్న గదికి కమ్మీలు పెట్టిన చిన్న కిటికీ ఉంది, ఆ కిటికీలోంచే మేస్త్రీలకి, కూలీలకి వారం జీతాలు ఇచ్చేవారట. నిటారైన మెట్లు. మేడ మీద కిటికీ పక్కన కూర్చుని హార్డీ తన మొదటి నవలలు రాశాడు. ఆయన పుట్టింది కూడా ఆ ఇంట్లోనే, 1840 జూన్ 2న. పుట్టగానే చనిపోయాడనుకుని పక్కన పెట్టేశారట. మంత్రసాని చూసి, బతికే ఉన్నాడు అందట. ఆవిడ లేకపోతే మన మాస్టారు నాకు వేరే పుస్తకం ఇచ్చి ఉండేవారు.

ఇల్లు చూపించినాయన ఒక పెద్దాయన, ఉద్యోగం నుంచి రిటైరై ఇలా ఉచితంగా పనిచేస్తున్నారు. ఆ ఇల్లు 1948 నుంచి నేషనల్ ట్రస్టు చేతిలో ఉంది, వాళ్ల దగ్గర ఇలాంటి పెద్దవాళ్లు చాలామంది ఉంటారు. నేను గోడ మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాను. ఇంజనీర్నని చెప్పుకున్నాను. ఆయన నవ్వి, మా వైపు ఒక సామెత ఉంది అన్నారు: మట్టి గోడకి నెత్తిన మంచి టోపీ, కాళ్లకి మంచి బూట్లు ఉంటే చాలు. టోపీ అంటే ముందుకు బాగా జారిన చూరు. బూట్లు అంటే అడుగున రాతి పీట. ఆ తర్వాత ఇంకో మాట కూడా అన్నారు. "మీరు ఇంజనీరు కాబట్టి చెబుతున్నాను. ఈ చుట్టుపక్కల మట్టి ఇళ్లని వాన కూల్చినదాని కంటే సిమెంటు కూల్చింది ఎక్కువ."

ఎలాగో చెప్పారు. మట్టి గోడ ఎప్పుడూ కొంచెం తేమ పీలుస్తూ, వదులుతూ ఉంటుంది. సున్నపు పూత దానితోపాటే తేమని వదిలేస్తుంది. ఇరవయ్యో శతాబ్దంలో జనం బాగు చేస్తున్నామనుకుని సిమెంటు పూశారు. సిమెంటు బిరుసు, మట్టి మెత్తన. ఎండకీ వానకీ మట్టి కదిలినట్టు సిమెంటు కదలదు, కాబట్టి వెంట్రుకవాసి పగుళ్లు పడతాయి. ఆ పగుళ్లలోంచి నీరు లోపలికి వెళుతుంది. బయటికి రావడానికి దారి లేదు. కిందికి దిగి గోడ మొదట్లో చేరుతుంది. బయటినుంచి చూస్తే గోడ కొత్తగా, గట్టిగా ఉంటుంది. లోపల అడుసు. ఒకరోజు చెప్పకుండా కూలిపోతుంది.

మిత్రులారా, ఆ మాట విన్నాక నేను తోటలోకి వచ్చి ఒక బెంచీ మీద కూర్చున్నాను. మా అమ్మాయి, "దూలం గట్టిగా తగిలిందా నాన్నా?" అని అడిగింది. అవునన్నాను.

మా ఇల్లు మీలో కొందరికి తెలుసు. చెరువుగట్టు కింద, మట్టి గోడల తాటాకు ఇల్లు. 2000 వేసవిలో దాన్ని నేను బాగు చేయించాను. ఇంజనీరు కొడుకు ఉండి తల్లిదండ్రులు పూరింట్లో ఉంటే బాగుండదని. బాగుండదన్నది ఎవరికి అని ఇప్పుడు అడిగితే నా దగ్గర జవాబు లేదు. తాటాకు పీకించి సిమెంటు రేకులు వేయించాను. గోడలకి లోపలా బయటా సిమెంటు పూత పెట్టించాను. చుట్టూ గోడనంటి గచ్చు చేయించాను. తాటాకు చూరు గోడ దాటి మూడడుగులు కిందికి వంగి ఉండేది. మేం వంగి లోపలికి వెళ్లేవాళ్లం. రేకుల లెక్కలో సగం రేకు కలిసొస్తుందని చూరు ఒక అడుగుకి తగ్గించాను. అంటే టోపీ కోశాను. గచ్చు మీద పడ్డ నీరు ఎగిరి గోడ మొదటికే కొడుతుంది, కాబట్టి బూట్లూ తీసేశాను. పైగా ప్లాస్టిక్ సంచీ తొడిగినట్టు సిమెంటు తొడిగాను. మూడూ ఒకే వేసవిలో, నా సొంత డబ్బుతో.

పని మొదలుపెట్టే ముందు మా ఊరి పెద్ద మేస్త్రీ గోడ మీద చెయ్యి వేసి, "బాబూ, దీనికి ఊపిరాడదేమో. సున్నమే కొట్టిద్దాం" అన్నాడు. ఆయనకి చదువు లేదు, నాకు ఉంది. గోడకి ఊపిరేంటి అని నవ్వాను. ఆయన మళ్లీ అనలేదు. నాన్న కూడా ఏమీ అనలేదు. అమ్మ మాత్రం మొదటి వేసవిలోనే, "ఒరేయ్, రేకుల కింద ఉడికిపోతున్నాం రా" అంది. ఫ్యాను కొనిచ్చాను.

2005 సెప్టెంబరులో ముసురు పట్టింది. మీకూ గుర్తుండే ఉంటుంది. ఒక రాత్రి కాస్త తెరిపి ఇచ్చింది, గాలి ఆడలేదు, లోపల ఉక్క. అమ్మ చాప తీసుకుని వీధి అరుగు మీదికి వచ్చి పడుకుంది. నాన్న అప్పటికే అక్కడున్నారు. తెల్లవారుజామున వెనక గోడ కూలింది. అమ్మ మంచం దాని కిందే ఉంది. నవారు పట్టీలు తెగి, కోళ్లు విరిగి. నేను పొద్దున్నే వచ్చి చూసినప్పుడు సిమెంటు పూత పెద్ద పెద్ద పలకలుగా, ఎక్కడా చెక్కు చెదరకుండా పడి ఉంది. దాని వెనకాల మట్టి మాత్రం పెరుగన్నం ముద్దలా ఉంది.

అందరికీ నేను చెప్పిందేమిటంటే, పాత మట్టి గోడ కదా, ఎన్నాళ్లుంటుంది అని. మేస్త్రీ ఆ రోజు వచ్చాడు. నా మొహం చూడలేదు, మట్టి ముద్ద ఒకటి పిసికి చూసి, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. స్లాబు ఇల్లు కట్టించాను. మేస్త్రీ పోయి పన్నెండేళ్లయింది.

ఇందులో సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఇంజనీరింగు రెండో ఏడు సాయిల్ మెకానిక్స్ ల్యాబులో ఒక పరీక్ష చేస్తారు. బంకమట్టికి నీళ్లు కొంచెం కొంచెంగా కలుపుతూ ఎంత తేమ దగ్గర అది గట్టితనం పోయి ముద్ద అవుతుంది, ఇంకెంత దగ్గర జారిపోతుంది అని కొలవాలి. అటర్‌బర్గ్ అనే స్వీడన్ శాస్త్రవేత్త నూరేళ్ల క్రితం పెట్టిన హద్దులు అవి. మట్టిని అరచేతి కింద గాజు పలక మీద దారంలా పేనడం నాకు బాగా వచ్చేది. ఆ ల్యాబులో నాకు ఫుల్ మార్కులు. మా ఇంటి గోడ కూడా అదే మట్టి అని మాత్రం తట్టలేదు. తట్టడానికి డోర్సెట్ దాకా వెళ్లాల్సి వచ్చింది.

ఇప్పుడు మళ్లీ హార్డీ. చాలామందికి ఆయన నవలాకారుడనే తెలుసు, నాకూ అంతే తెలుసు. కానీ ఆయన చదువుకున్న పని ఆర్కిటెక్టు పని. 1856లో, పదహారేళ్ల వయసులో, డోర్చెస్టర్‌లో జాన్ హిక్స్ అనే ఆర్కిటెక్టు దగ్గర చేరాడు. 1862లో లండన్ వెళ్లి ఆర్థర్ బ్లోమ్‌ఫీల్డ్ దగ్గర పనిచేశాడు. అప్పట్లో ఆ దేశమంతా పాత చర్చీలని బాగు చేసే పిచ్చి నడుస్తోంది. బాగు చేయడమంటే పాత పూత గీకేయడం, పాత కిటికీ పీకి కొత్తది పెట్టడం, అరిగిన రాయి తీసేసి పదునైన రాయి పెట్టడం. కుర్ర హార్డీ ఆ నక్షాలు గీశాడు, ఆ కొలతలు తీశాడు. తర్వాత రోజుల్లో దానికి బాధపడ్డాడు. విలియం మోరిస్ 1877లో పాత కట్టడాలని ఇలాంటి బాగుచేతల నుంచి కాపాడే సంఘం పెడితే, హార్డీ 1881లో అందులో చేరాడు. 1906లో, తన అరవైయారో ఏట, ఆ సంఘం కోసం ఒక వ్యాసం రాశాడు, చర్చీల బాగుచేతల జ్ఞాపకాలు అని. తను చూసినవే చెప్పాడు. పాత కట్టడాన్ని ఉన్నదున్నట్టు ఉంచడం అందం కోసం కంటే, దానితో ముడిపడ్డ మనుషుల కోసం అవసరమని ఆయన వాదన. ఆ సంఘం ముద్దుపేరుకి తెలుగులో అర్థం 'గీకొద్దు బాబోయ్' అని. ఇప్పుడు నేను మిమ్మల్ని గీకమని అడగబోతున్నాను, కాబట్టి వాళ్లు క్షమించాలి.

ఇంకొకటి. హార్డీ పేరొచ్చాక, 1885లో డోర్చెస్టర్ అంచున తనే నక్షా గీసి, తండ్రి చేత, తమ్ముడి చేత ఒక ఇటుక ఇల్లు కట్టించుకున్నాడు. దాని పేరు మ్యాక్స్ గేట్. మనం స్లాబు కట్టుకున్నట్టే. అమ్మ జెమైమా మాత్రం 1904లో పోయేదాకా ఆ మట్టి ఇంట్లోనే ఉంది. కొడుకు నడిచి వచ్చి చూసి వెళ్లేవాడు. ఆయన ఆ మట్టి ఇంటికి ఏమీ చేయలేదు. చేయకపోవడమే ఆ ఇంటికి కలిసొచ్చిందని, ఆ బెంచీ మీద కూర్చుని నాకు అనిపించింది.

ఇక మీ చేతిలో కాగితం.

మన పాత రెండు గదులు మట్టి గోడలే. పైన పెంకు. పై పూత సున్నం, కింద నడుమెత్తు వరకు సిమెంటు. అది ఎప్పుడు ఎవరు చేయించారో రికార్డుల్లో లేదు, ఎవరైనా మంచి ఉద్దేశంతోనే చేయించి ఉంటారు. నేనూ అలాగే చేశాను కదా. అంచనాలో మూడో పద్దు చూడండి: గోడలకి లోపలా బయటా పూర్తి ఎత్తు సిమెంటు ప్లాస్టరింగు. నాలుగో పద్దు: నేలకి టైల్సు. ఐదోది: చుట్టూ కాంక్రీటు గచ్చు. మూడు నెలల క్రితం ఇది నేనే రాశాను. ఇంగ్లండు నుంచి వచ్చాక కూడా రాశాను, అదీ విచిత్రం. చెయ్యి అలవాటు ప్రకారం రాసేసింది. పోయిన వారం కొలతలకి వచ్చినప్పుడు ఉత్తరం వైపు గోడ కింద సిమెంటు పెచ్చు ఒకటి లేచి ఉంటే వేలుపెట్టి చూశాను. వాన పడి పది రోజులైంది. మట్టి తడిగా ఉంది. పిసికి చూశాను. దారంలా వచ్చింది.

కాబట్టి ఆ అంచనాని నేను వెనక్కి తీసుకుంటున్నాను. దానికి డబ్బిచ్చిన నా బ్యాచి మిత్రుడు ఇక్కడే ముందు వరసలో ఉన్నాడు, వాళ్ల నాన్నగారి పేరు మీద ఇచ్చాడు. నిగనిగలాడే టైల్సు మీద ఆ పేరు చూడాలని వాడి కోరిక. వాడికి నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పాను. అరగంట మాట్లాడలేదు. తర్వాత, "సున్నం గోడ మీద పేరు నిలుస్తుందా?" అన్నాడు. ఏటా సంక్రాంతికి మళ్లీ రాయించాల్సి ఉంటుంది అన్నాను. ఇంకా ఒప్పుకోలేదు, అది మీ ముందు దాచను.

కొత్త అంచనా వెనక బల్ల మీద పెట్టాను. సిమెంటు నెమ్మదిగా గీకి తీసేయాలి. గోడలని ఒక వేసవంతా ఆరనివ్వాలి, అంతకంటే తొందర లేదు. కూలిన చోట అదే మట్టి, గడ్డి కలిపి తొక్కి పెట్టాలి. పైన గానుగ సున్నం. గోడల చుట్టూ గచ్చు కాదు, కంకర కాలువ. పెంకు చూరు ఇంకో రెండడుగులు ముందుకి. కాబట్టి స్వర్ణోత్సవం ఏడాదిలో ఆ గదులు గాయాల మీది పెచ్చు ఊడినట్టు కనిపిస్తాయి, ఫొటోల్లో బాగుండవు. ముందే చెబుతున్నాను.

గానుగ సున్నం పని తెలిసినవాళ్లు ఇద్దరే దొరికారు. ఒకాయనకి డెబ్భై నాలుగేళ్లు, చేతులు వణుకుతున్నాయి, కానీ పక్కన నిలబడి చెబుతానన్నారు. ఆయన పక్కన నిలబడి నేర్చుకోవడానికి మన తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురు కావాలి. నిద్రపోని నలుగురు.

వచ్చే ఆదివారం ఉదయం ఏడింటికి ఉత్తరం గోడ దగ్గర మొదలుపెడదాం. చిన్న సుత్తి, సన్న ఉలి తెచ్చుకోండి. గునపాలు వద్దు.